‘మా నాయన చెప్పిండు’ అంటే కోర్టు వింటుందా?

హనుమకొండ అదాలత్ చుట్టుపక్కల టైపయ్యే చీఫ్ అఫిడవిట్‌లు (సాక్షి చెప్పదలచుకున్నది ప్రమాణం చేసి రాసిచ్చే కాగితాలు) నాలుగు పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, వయసు, సర్వే నంబరు మారతాయి. ఆఖరి వాక్యం మాత్రం మారదు: ‘పై విషయాలు నాకు తెలిసినంత వరకు, నమ్మినంత వరకు నిజం’. భూమి కేసుల్లో సాక్షిని ఇరికించేది చాలాసార్లు ఆ ‘నమ్మినంత వరకు’ అన్న మాటే.

2002 జూలై 1 నుంచి సివిల్ కేసుల్లో సాక్షి చీఫ్‌ను అఫిడవిట్‌గానే వేస్తున్నారు. కోర్టు టైమ్ కలిసొచ్చింది, కాదనను. కానీ అంతకుముందు సాక్షి బోనులో నిలబడి ‘మా నాయన చెప్పిండు’ అనగానే అవతలి వకీలు అడ్డుపడేవాడు. ఇప్పుడదే మాట ‘సదరు భూమిని నా తండ్రి 1987లో ఖరీదు చేసి కబ్జా పొందినారు’ అని నీటుగా టైపై వస్తోంది. చూసి చెబుతున్నాడో విని చెబుతున్నాడో క్రాస్‌లో, అంటే అవతలి వకీలు ప్రశ్నలడిగినప్పుడు గానీ తేలదు. సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం పత్రం) కేసులో అది ఇలా సాగుతుంది:

‘‘సాదా బైనామా రాసినప్పుడు మీరు అక్కడున్నరా?’’
‘‘లేను సార్. అప్పటికి నేను పుట్టనేలేదు.’’
‘‘మరి పేరా 6లో ఎట్ల రాసిన్రు?’’
‘‘మా నాయన చెప్పిండు సార్.’’

వయసు 34 అని మొదటి పేజీలోనే ఉంటుంది. లెక్క వేసినవాళ్లే ఉండరు. (సాదా బైనామా చెల్లుతుందా లేదా అన్నది వేరే పంచాయితీ.)

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 19 రూల్ 3లో తేడా స్పష్టంగానే ఉంది. అఫిడవిట్‌లో స్వయంగా తెలిసి, రుజువు చేయగలిగిన విషయాలే రాయాలి. టెంపరరీ ఇంజంక్షన్ లాంటి ఐఏల్లో (కేసు నడుస్తుండగా తాత్కాలిక ఉత్తర్వు కోసం వేసే మధ్యంతర దరఖాస్తుల్లో) మాత్రం నమ్మకాన్నీ చెప్పొచ్చు, ఎందుకు నమ్ముతున్నారో కూడా రాస్తే. మన దగ్గర ఐఏ అఫిడవిట్‌నే కాపీ కొట్టి చీఫ్‌గా వేస్తారు. ‘నమ్మినంత వరకు’ దాంతోపాటే వచ్చేస్తుంది. అవసరం లేకుండా విన్న మాటలు నింపితే ఆ అఫిడవిట్ ఖర్చులు వేసినవాళ్లే భరించాలని అదే రూల్ అంటోంది. దాన్ని నాలుగు కేసుల్లో గట్టిగా అమలు చేస్తే డ్రాఫ్టింగ్ దానంతటదే మారుతుందని నా అభిప్రాయం.

జగిత్యాల, సిరిసిల్ల వైపు చిక్కు ఇంకోలా ఉంటుంది. భూమి ఆసామి దుబాయ్‌లో ఉంటాడు, జీపీఏ (తన తరఫున పనులు చేయమని ఆసామి రాసిచ్చిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పట్టుకుని తమ్ముడు బోనెక్కుతాడు. జీపీఏ ఉన్నవాడు తాను చేసిన పనుల గురించి చెప్పొచ్చు గానీ, అసలు మనిషికి మాత్రమే తెలిసిన విషయాలకు అతని బదులు సాక్ష్యం చెప్పలేడని జానకీ వాశ్‌దేవ్ భోజ్వానీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టు అనుమతి తీసుకుని అన్నతోనే వీడియో కాన్ఫరెన్స్‌లో చెప్పించడం మేలు.

అలాగని నాయన మాట పూర్తిగా వృథా కాదు. చనిపోయిన మనిషి గొడవ మొదలవకముందు చుట్టరికం గురించి చెప్పిన మాటను భారతీయ సాక్ష్య అధినియమం కింద కోర్టు పరిశీలిస్తుంది. చేను గట్టు ఎక్కడిదాకా అన్న మాటకు మామూలుగా ఆ వెసులుబాటు దొరకదు.

ఇంతా చేసి, ఆ బైనామా మీద సాక్షి సంతకం పెట్టిన పక్క చేను పెద్దాయన ఒక్కోసారి ఊళ్లోనే ఉంటాడు. సాక్షుల జాబితాలో ఆయన పేరే ఉండదు.