పులికి విడుదల, ఏనుగుకు గొలుసు

సర్కస్ డేరాలో పులి, సింహం ఆటలు నిషేధించి పాతికేళ్లు దాటింది. 1998లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం ఉన్నాయి. యజమానులు కోర్టుకెక్కితే, మనుషులకు ప్రాథమిక హక్కులున్నప్పుడు జంతువులకు ఎందుకు ఉండకూడదని 2000లో కేరళ హైకోర్టు ఎదురు ప్రశ్న వేసింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. 2011లో ఎద్దును కూడా జాబితాలో చేర్చారు. ఏనుగును మాత్రం చేర్చలేదు.

ఎందుకు చేర్చలేదో కేంద్రం చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు, గరిష్ఠ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులోనే ఏనుగూ ఉంది. 2010లో దానికి జాతీయ వారసత్వ జంతువు హోదా ఇచ్చింది కూడా కేంద్రమే. బిరుదు ఇవ్వడానికి ముందుకొచ్చిన చెయ్యి, దాన్ని స్టూలెక్కించి ఆడించకూడదని ఒక్క ముక్క రాయడానికి రాలేదు. సర్కసుల్లో ఏ జంతువునూ ఆడించకూడదంటూ 2018 నవంబరులో ముసాయిదా నిబంధనలు తెచ్చారు. అభ్యంతరాలు చెప్పమన్నారు. ఆ తర్వాత ఫైలు మూతపడింది.

ఆట లేని వేళ డేరా వెనక్కి వెళ్లి చూసినవాళ్లకు తెలుసు. ముందు కాలికో గొలుసు, వెనక కాలికో గొలుసు. కదలడానికి చోటు లేక, నిలబడ్డచోటే తల అటూ ఇటూ ఊపుతూ ఉంటుంది. పిల్లలు అది డాన్స్ చేస్తోందని చప్పట్లు కొడతారు. అడవిలో రోజూ మైళ్లకొద్దీ నడిచే జంతువు కట్టేస్తే పడే యాతన అది. చెవి వెనక అంకుశం పోట్లు ప్రేక్షకుల గ్యాలరీ నుంచి కనబడవు.

కళాకారుల పొట్ట కొట్టొద్దనే వాదన ఉంది. వాళ్లను ఆదుకోవాల్సిందే, కానీ ఆ ఖర్చు ఏనుగు మోయాలనడం అన్యాయం.

జంతువులను ఉంచుకోవడానికి సర్కసులకు ఉండాల్సిన గుర్తింపును కేంద్ర జూ అథారిటీ చాలావాటికి రద్దు చేసింది, నిజమే. మరి బయటికొచ్చిన ఏనుగు ఎక్కడికి పోవాలి? సర్కస్ సింహాలకు, పులులకు విశాఖ, తిరుపతి జూల దగ్గర పునరావాస కేంద్రాలు పెట్టారు. అవి మళ్లీ ఏ యజమాని చేతికీ పోలేదు. ఏనుగుకైతే, అది ఫలానా వాళ్ల సొంతమని చెప్పే యాజమాన్య ధ్రువపత్రం ఉంటుంది. అసలు భయం ఇక్కడే. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, ధ్రువపత్రం ఉన్నవాళ్లు ఏనుగును మతపరమైన అవసరానికి గానీ ‘మరే ఇతర ప్రయోజనానికి’ గానీ బదిలీ చేసుకోవచ్చన్నారు. 2024 మార్చిలో నిబంధనలూ వచ్చాయి. పోషించలేని యజమాని ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అమ్మకం కాదట, బదిలీ అట!

మరే ఇతర ప్రయోజనం అంటే ఏమిటి? పెళ్లి ఊరేగింపా? పార్టీ ర్యాలీయా? షాపుల ముందు తొండం చాపి చిల్లర అడుక్కోవడమా? ఆ మాటకు చట్టంలో హద్దు గీయలేదు. హద్దు లేని మాట ఒకసారి చట్టంలోకి ఎక్కితే, సర్కస్ గేటు దగ్గర మూసిన తలుపు పక్క వీధిలో తెరుచుకుంటుంది. ఇవాళ ఏనుగుకు ఇచ్చిన సడలింపు రేపు ఇంకో జంతువుకు అడిగితే కాదనడానికి కేంద్రం దగ్గర ఏ జవాబుంది?

2018 ముసాయిదాను బయటికి తీసి తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. ‘మరే ఇతర ప్రయోజనం’ అన్న మాటను చట్టంలోంచి కొట్టేయాలి. సర్కసుల నుంచి వచ్చిన ప్రతి ఏనుగునూ ప్రభుత్వమే తన సంరక్షణలోకి తీసుకోవాలి. అంతవరకూ ఆగస్టు 12న ప్రపంచ ఏనుగుల దినోత్సవం పేరుతో మంత్రులు ఫొటోలకు నిలబడడం మానుకుంటే మంచిది.