అటాచ్‌మెంటు దేవో భవ

శ్రీకాకుళంలో ఇంటి కంప్యూటర్లకు రక్షణ కరువైందని ఎవరైనా అంటే అది మన ఊరి మీద వేసిన అభాండమే. విజయదశమి నాడు సీపీయూకు పసుపు రాసి బొట్టు పెట్టి, కీబోర్డు మీద బంతిపూలు చల్లి, దాని ముందు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు మాత్రం దాని మీద పడకుండా ఒడుపుగా పట్టుకోగల గృహస్థులు మన ఊళ్లో వీధికి పదిమంది ఉంటారు. మానిటర్‌కు కుట్టుపని చేసిన గుడ్డ కప్పుతాము. ఆకాశం ఉరిమిందంటే అన్నం ముందునుంచి లేచి వచ్చయినా ప్లగ్గు పీకుతాము. పక్కింటి పిల్లవాడు ముట్టుకుంటే చెడిపోతుందని వాడు వచ్చే వేళకు గది తలుపు మూస్తాము. దుమ్ము, దిష్టి, పిడుగు, పక్కింటి పిల్లవాడు అనే ఈ నలుగురు శత్రువుల విషయంలో మన అప్రమత్తతకు వంక పెట్టడానికి లేదు. ఇక ఈమెయిల్ ద్వారా వచ్చే వైరస్ అంటారా, అది పేరు పెట్టి పిలిచి, నమస్కారం చెప్పి, వెంట ఒక అటాచ్‌మెంటు తెచ్చుకొని వస్తుంది కనుక శత్రువుల జాబితాలో చేర్చడానికి మన సంస్కారం ఒప్పుకోదు.

ఈ సంస్కారాన్ని కొందరు అమాయకత్వమంటున్నారు. వారికి చరిత్ర తెలియదు. 1999 మార్చి 26న బయటపడిన మెలిస్సా అనే వైరస్ ఒక వర్డ్ డాక్యుమెంటులో కూర్చొని ప్రయాణించింది. మీరు అడిగిన డాక్యుమెంటు ఇదిగో, దీన్ని ఇంకెవరికీ చూపించకండి అన్నది అది తెచ్చిన కబురు. అడిగినవాడు ఎవడూ లేడు. అయినా ఇంకెవరికీ చూపించవద్దన్న తరువాత చూడకుండా ఉండగలవాడు కూడా ఎవడూ లేకపోయాడు. డాక్యుమెంటు తెరిచి అందులోని మాక్రో, అంటే లోపల దాగిన చిన్న ప్రోగ్రాము, పనిచేయగానే, అది ఔట్‌లుక్ అనే మెయిల్ ప్రోగ్రాములోని చిరునామాల పుస్తకంలోని మొదటి 50 మందికి తనను తాను పంపుకొనేది. దాన్ని సృష్టించిన డేవిడ్ స్మిత్ అనే అమెరికావాసికి 20 నెలల జైలుశిక్ష పడింది. తెరిచినవారికి ఏ శిక్షా పడలేదన్న సంగతిని మనవాళ్లు బాగా గుర్తుపెట్టుకున్నారు.

ఆ మరుసటి ఏడాది, 2000 మే 4న, ఫిలిప్పీన్స్ నుంచి ప్రేమలేఖ బయలుదేరింది. ఐ లవ్ యూ అన్నది దాని శీర్షిక. జతచేసిన ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ అని ఉండేది. దాని తరువాత మరొక చుక్క, ఆ చుక్క తరువాత వీబీఎస్ అన్న మూడక్షరాలు ఉండేవి గాని, తెలిసిన రకం ఫైళ్లకు ఆఖరి తోకను దాచిపెట్టే అలవాటు విండోస్‌కు ఉండటం వల్ల అవి చాలామందికి కనిపించలేదు. వారి కంటికి అది ఉత్తి అక్షరాల ఫైలు. నిజానికది ఆజ్ఞల చిట్టా. తెరిస్తే చిరునామాల పుస్తకంలో ఉన్న వారందరికీ ప్రేమను పంచి, ఆనక ఇంట్లోని ఫొటోల ఫైళ్ల మీద తన రాతను రాసుకొనేది. ఇంత చేసినవాడిని శిక్షించడానికి ఆనాటికి ఫిలిప్పీన్స్‌లో తగిన చట్టమే లేకపోయింది. మన దేశపు సమాచార సాంకేతిక చట్టం కూడా అదే ఏడాది అక్టోబరు 17న గాని అమలులోకి రాలేదు. ఫైలు తోకను దాచే ఆ అలవాటును మాత్రం విండోస్ పాతికేళ్లయినా మానుకోలేదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ అన్నచోటికి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నదానికి టిక్కు పెడితే తోకలన్నీ కనిపిస్తాయి. అయితే వచ్చినవాడి తోక చూడటం మర్యాద కాదని కాబోలు, ఆ టిక్కు పెట్టిన ఇల్లు మా కాలనీలో ఇంతవరకు నా కంట పడలేదు.

ఇప్పుడు ప్రేమలేఖలు రావడం లేదు, రసీదులు వస్తున్నాయి. మా వీధిలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఉదాహరణగా తీసుకుందాము. ఆయనకు ఒకనాటి ఉదయం, చిరునామా అసంపూర్ణంగా ఉన్నందున మీ పార్సెల్ నిలిపివేయబడినది, జతచేసిన రసీదు చూడగలరు అని మెయిల్ వచ్చింది. ఆయన జన్మలో ఆన్‌లైన్‌లో అగ్గిపెట్టె కూడా కొని ఎరుగరు. పంపినవారి పేరుచోట తపాలా శాఖను తలపించే గంభీరమైన మాట ఉంది. దాని పక్కన, ఎట్ గుర్తు తరువాత, ఏ శాఖకూ ఏ దేశానికీ చెందని అక్షరాల గుంపు ఉంది. ఆయన మొదటిదాన్ని చదివి రెండోదాన్ని వదిలేశారు. బెంగళూరులో ఉన్న మనవడు ఆ సమయానికే ఫోను చేసి, తాతయ్యా, అది తెరవకు, అని బతిమాలాడు. ‘పేరు పెట్టి పిలిచాడురా, పలక్కపోతే ఏం బాగుంటుంది?’ అని మాస్టారు అడిగారు. ఈ ప్రశ్నకు ఐటీ కంపెనీలో పనిచేస్తున్న ఆ కుర్రవాడి దగ్గర సమాధానం లేకపోవడం గమనార్హం.

రసీదు జిప్ ఫైలులో, అంటే ఫైళ్లను మూటగట్టే ఫైలులో, ఉంది. దానికి పాస్‌వర్డు ఉంది. ఆ పాస్‌వర్డు అదే మెయిల్‌లో, ఎర్రటి అక్షరాలతో ఉంది. దాచవలసినదే అయితే పాస్‌వర్డును పక్కనే రాసి ఎందుకు పంపుతారన్న అనుమానం మాస్టారికి రాలేదు. నా రక్షణ కోసం ఎంత శ్రద్ధ తీసుకున్నారో అన్న కృతజ్ఞత మాత్రమే కలిగింది. పాస్‌వర్డు వేసిన జిప్ ఫైలు లోపలికి మెయిల్ సంస్థల తనిఖీ యంత్రాలు సాధారణంగా తొంగిచూడలేవు కనుకనే ఆ ఏర్పాటు. లోపల పీడీఎఫ్ బొమ్మ వేసుకొని కూర్చున్న ఫైలును ఆయన రెండుసార్లు నొక్కగానే, ఈ యాప్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయడానికి అనుమతిస్తారా అని విండోస్ అడిగింది. అనుమతి అడిగినవాడిని కాదనడం ఆయన వంశంలో లేదు. నల్లని కిటికీ ఒకటి రెప్పపాటు మెరిసి మాయమైంది. రసీదు రాలేదు. మళ్లీ నొక్కారు. మళ్లీ మెరిసింది. అప్పుడాయన ఆ మెయిల్‌ను ఎదురింటి హెడ్‌క్లర్కుగారికి పంపి, ‘మా దాంట్లో తెరుచుకోవడం లేదు, మీ దాంట్లో చూడండి’ అని కిటికీలోనుంచి కేక వేశారు. ఏభైమందికి తనను తాను పంపుకోవడానికి మెలిస్సాకు ప్రత్యేకంగా ప్రోగ్రాము రాయవలసి వచ్చింది. మా వీధికి ఆ శ్రమ అక్కరలేదు.

హెచ్చరికలను లెక్కచేయని జాతి మనది అనుకుంటే పొరపాటు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే కళింగపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో టీకొట్టు దగ్గర ప్రతివాడూ చెబుతాడు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి పలాస, సోంపేటల జీడితోటలనూ కొబ్బరితోటలనూ నేలమట్టం చేసినప్పటినుంచి మూడో నంబరుకే కొవ్వొత్తులు కొనిపెట్టుకుంటున్నాము. అదే మనిషి ముందు వర్డ్ ఫైలు నెత్తిన పసుపు పట్టీ కట్టి, ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చింది, జాగ్రత్త అని ఎగరేస్తే, ఆ పట్టీ చివరనున్న ఎనేబుల్ ఎడిటింగ్ అన్న బొత్తాన్ని ఈగను తోలినంత సులువుగా నొక్కి ముందుకు పోతాడు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను ముందుగానే అడ్డుకొనే ఏర్పాటును 2022లో మైక్రోసాఫ్ట్ మొదలుపెట్టవలసి వచ్చిందంటే, పసుపు పట్టీలను ప్రపంచమంతటా ఎంత భక్తిశ్రద్ధలతో చదువుతున్నారో ఊహించవచ్చు.

అప్‌డేట్ల సంగతి మరీ విషాదకరం. సూర్యకిరణాలు అరసవల్లి స్వామి పాదాలను ఏ రోజున తాకుతాయో ముందే లెక్కవేసుకొని తెల్లవారుజామునే బారులు తీరే ఊరు మనది. విండోస్ అప్‌డేట్‌కు మాత్రం రేపు చూద్దామన్న తిథి తప్ప వేరొకటి దొరకదు. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడి, ఫైళ్లన్నిటికీ తాళం వేసి 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమన్నప్పుడు, మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని వాత పడ్డాయి. అలా చిక్కుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం కూడా ఉన్నట్లు అప్పుడు పత్రికలు రాశాయి. న్యాయంగా చెప్పాలంటే అది అటాచ్‌మెంటులో కూర్చొని ఊరేగినది కాదు, విండోస్‌లోని ఒక కంత గుండా ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి పాకినది. ఆ కంతను పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదలైంది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందన్న నోటీసు కూడా మన ఇళ్లలోని తెరల మీద పలుమార్లు కనబడి, పలుమార్లు మూయబడింది.

యాంటీవైరస్ విషయంలో మన మేధస్సు ఇంకా ఒక మెట్టు పైన ఉంటుంది. ఇప్పటి విండోస్‌లో డిఫెండర్ అనేది ఊరికే వస్తుంది, ఇంటి అవసరానికి అది సరిపోతుంది కూడా. ఊరికే వచ్చినదాన్ని నమ్మడం మన పద్ధతి కాదు కనుక, డబ్బు పెట్టి కొనవలసిన యాంటీవైరస్‌ను క్రాక్ చేసినది, అంటే డబ్బు కట్టకుండా నడిచేలా తాళం విరిచిన దొంగ ప్రతిని, సంపాదిస్తాము. ఆ క్రాక్ ఎక్కించడానికి ముందుగా డిఫెండర్‌ను ఆపమని అందులోని సూచన చెబుతుంది. కావలివాడిని పంపించేసి, ఎవరో తెలియనివాడు ఇచ్చిన కావలివాడిని పెట్టుకోవడంలోని తర్కం అడగకూడదు. మరికొందరు ఉదారులు రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి పెడతారు; అవి ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ కంప్యూటర్‌ను నత్తనడక నడిపిస్తే, చూశారా, ఎంత బరువైన రక్షణో అని మురిసిపోతారు.

బ్యాకప్ లేదంటారా? ఉన్నది. సీ డ్రైవ్‌లోని పెళ్లి ఫొటోలన్నీ డీ డ్రైవ్‌లో మరొక ప్రతి తీసి పెట్టుకున్నాము. రెండు డ్రైవులూ ఒకే హార్డ్‌డిస్కును గోడ కట్టి పంచుకున్న వాటాలే అయినా, ఫైళ్లకు తాళం వేసే వైరస్ ఆ గోడను గౌరవిస్తుందని మన విశ్వాసం. మరీ జాగ్రత్తపరులు విడిగా హార్డ్‌డిస్కు కొని, దాన్ని కంప్యూటర్‌కు తగిలించినది తగిలించినట్టే ఉంచుతారు. కాపీ అయిన తరువాత దాన్ని పీకి బీరువాలో పెట్టాలని చెప్పబోతే, ఎలాగూ మళ్లీ తగిలించాలి కదా అని ఎదురు ప్రశ్న వేస్తారు. దీనికీ మన దగ్గర సమాధానం లేదు.

మాస్టారి కంప్యూటర్ మూడోరోజుకు మొరాయించింది. ఇంట్లో విచారణ జరిగి, సెలవులకు వచ్చి ఆటలాడిన మనవరాలి మీద నేరం రుజువైంది. ఇలాంటప్పుడు ముందుగా ఇంటర్నెట్ తీగ పీకి, బ్యాంకు పాస్‌వర్డులను వేరే యంత్రం నుంచి మార్చుకొని, డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలని మనవడు బెంగళూరు నుంచి మొత్తుకున్నాడు. మాస్టారు ఏడు రోడ్ల కూడలి దగ్గరి కంప్యూటర్ కొట్టుకు వెళ్లారు. వైరస్‌ను ఇతరుల కంప్యూటర్‌లో ప్రవేశపెట్టినవాడికి మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా విధించే సెక్షన్లు మన చట్టంలో ఉన్నాయి గాని, ఆ కొట్టులోని కుర్రవాడికి అంత దూరం ఆలోచించే తీరిక లేదు. ‘ఏటీ అవలేదు మాస్టారూ, ఫార్మాట్ కొట్టేత్తాను, రేపు పొద్దున్నొచ్చీండి’ అన్నాడు. మర్నాడు కంప్యూటర్ కొత్తదానిలా వెలిగింది. డీ డ్రైవ్‌లోని పెళ్లి ఫొటోలు తాళాలతో సహా పోయాయి. మాస్టారు అడిగిన సొమ్ము కంటే నూరు రూపాయలు ఎక్కువే ఇచ్చారు. కుర్రవాడు ఆ నోటును కళ్లకు అద్దుకొని, ‘అప్‌డేట్లు, ఆ డిఫెండరూ అన్నీ ఆపేసినాను మాస్టారూ, ఇంక మిమ్మల్ని ఏదీ అడ్డదు’ అని భరోసా ఇచ్చాడు.