పెద్దకర్మ కాగానే కౌన్సెలింగ్ అందరికీ అక్కర్లేదు
పెద్దకర్మ ముగిసిన వారంలోపే ఇంటిల్లిపాదినీ కౌన్సెలింగ్‌కు పంపాలన్న మాటతో ఏకీభవించలేను. మొదటి నెలల్లో ఏడుపు, నిద్ర పట్టకపోవడం, పోయినవాళ్ల గొంతు వినిపించినట్టనిపించడం జబ్బు కాదు. ఎక్కువమందికి అయినవాళ్ల తోడుతోనే సర్దుకుంటుంది. ఈ బెంగను జబ్బు అనడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 పెట్టిన గడువు కనీసం 6 నెలలు. అది దాటాక కూడా బెంగ రోజంతా వదలక, వంట, పని ఆగిపోతే అప్పుడు చికిత్స కావాలి. చనిపోవాలన్న ఆలోచన, తిండి మానేయడం, తాగుడు ఎక్కువవడం కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పొద్దున్నే ఓపీ చీటీ తీసుకోండి, వాడుతున్న బీపీ, షుగర్ మాత్రల అట్టలు వెంట పెట్టుకోండి. పని చెడేది ఎక్కడంటే, తోడొచ్చిన బావమరిదో పెద్దమ్మో జవాబులన్నీ తామే చెప్పేస్తారు. బాధలో ఉన్న మనిషిని డాక్టరు దగ్గర కాసేపు ఒంటరిగా వదలండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చే నిద్రమాత్రలు ఇంకో తంటా: ఆల్ప్రాజోలం లాంటివి వారాల్లోనే అలవాటవుతాయి, ఉన్నట్టుండి ఆపితే ఉన్న నిద్రా పోతుంది. డిప్రెషన్ మాత్రలు దిగులు తగ్గిస్తాయేగానీ, పోయినవాళ్ల మీది బెంగను పెద్దగా కదిలించవు. దానికి వారానికొకటి చొప్పున సుమారు 16 సిట్టింగుల మాటల చికిత్స ఉంది. అందులో చావు జరిగిన రోజును మళ్లీ చెప్పించినప్పుడు ఏడుపు ముందు పెరుగుతుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పకపోతే ‘ఇంకా పాడైంది’ అని అక్కడే మాన్పించేస్తారు.