ఊరి వాటా అడిగితే తప్పేంటి?

మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకాయన "సేవ చేసేటోళ్లు జనం దగ్గర పైసలెందుకు వసూలు చేయాలె?" అని పెట్టిండు. బాల వికాస మీద ఆ మాట. చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవట్లేదు.

మన తెలుగు ఆడబిడ్డ బాల థెరిసా, కెనడాకు చెందిన ఆమె భర్త ఆండ్రే జింగ్రాస్ కలిసి పెట్టిన సంస్థ అది. 1977లో కెనడాలో సోపార్ అనే సేవాసంస్థ పెట్టి విరాళాలు పోగుచేశారు, 1991లో వరంగల్‌లో బాల వికాస మొదలుపెట్టారు. తెచ్చిన డబ్బు పంచిపెట్టి పేరు తెచ్చుకోవడం వాళ్లకు చాలా సులువు. అలా చేయలేదు. నీళ్లు కావాలంటే ముందు కమిటీ వేసుకోండి, మీ వాటా కట్టండి అన్నారు. గీసుగొండ మండలం గంగదేవిపల్లికి పోయి చూడండి, కమిటీలతో ఊరు ఎట్లా నడుస్తదో.

చెరువు పూడికతీతా అంతే. తవ్వే మిషన్ ఖర్చు సంస్థది, మట్టి తోలుకునే ట్రాక్టర్ కిరాయి రైతుది. మా నాన్న అప్పు చేసి మరీ తోలించిండు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, చెలకలో పోసిన నల్లమట్టి గడ్డను చేత్తో నలిపి, వాసన చూసి, "ఇది బంగారం రా" అన్నడు. కిరాయి తనే కట్టిండు కాబట్టి ఒక్క ట్రిప్పు కూడా గట్టు మీద వృథాగా పోయనియ్యలే.

పక్క ఊళ్లో ఒక నాయకుడు ఉచితంగా పెట్టించిన ఫిల్టర్ ప్లాంటు ఉంది. మోటారు కాలింది, రేకుల షెడ్డుకు తాళం పడింది. ఎవరిని అడిగినా "మాకేం ఎరుక" అంటరు. పైసా పెట్టనిది ఎవరికి సొంతమైతది?

పైసల కన్నా కష్టమైనది కూడా బాల వికాస వాళ్లు అడిగారు. భర్త పోయిన ఆడవాళ్లను దూరం పెట్టే ఆచారం మానుకోమన్నారు. మా పెద్దనాన్న పోయినంక పెద్దమ్మ సొంత బిడ్డ పెండ్లిలో కూడా పందిరి బయటే నిలబడ్డది. ఏండ్ల తర్వాత కాజీపేటలో వాళ్ల మీటింగుకు పోయి, నుదుట బొట్టుతో, చేతినిండా గాజులతో బస్సు దిగింది. వాకిట్ల కూర్చున్న మా నాయనమ్మ చానాసేపు ఏమనలే. తర్వాత జరిగి, పక్కన చోటిచ్చింది.