ఓడ మీద పెరుగన్నం

కిందటి జూన్‌లో అమ్మా నాన్నగారూ తెనాలి నుంచి వచ్చినప్పుడు, మా ఊళ్లోని తెలుగువాళ్లం పదకొండు కుటుంబాలు కలిసి సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్‌కి వెళ్లాం. నాన్నగారికి పదిహేనేళ్లుగా షుగర్. రెండో రోజు మధ్యాహ్నం బఫేలో ఆయన ప్లేటు చూసి నా గుండె గుభేల్మంది. ఒక పిజ్జా ముక్క, రెండు బన్నులు, గరిటెడు పాస్తా, బంగాళాదుంప వేపుడు, పక్కనే చిన్న గిన్నెలో బ్రెడ్ పుడ్డింగ్. "ఏంటి నాన్నగారూ ఇదంతా?" అంటే, "మాంసం కానివి ఏవా అని చూస్తూ వచ్చానమ్మా, ఇవే కనబడ్డాయి" అన్నారు.

ఆయన మాటలో అబద్ధం లేదు. ఆ ప్లేటులో పప్పు లేదు, కూర లేదు. మొత్తం మైదా, దుంప, పంచదార. క్రూజ్‌లో మన శాకాహారులు చాలామంది తినేది ఇదే. తిరిగొచ్చాక బరువు పెరిగామంటే "నోరు కట్టుకోలేకపోయాం" అని సిగ్గుపడతారు. నేను ఆ మాట ఒప్పుకోను. తప్పు నోటిది కాదు. ఓడ మీద భోజనానికి ముగింపు అనేది లేకపోవడమే అసలు ఇబ్బంది.

మన భోజనానికి ఒక వరస ఉంది. పప్పు, కూర, పచ్చడి, తర్వాత చారో పులుసో, చివరికి పెరుగు. విస్తట్లో పెరుగు పడిందంటే భోజనం అయిపోయినట్టే, ఇక లేచి చెయ్యి కడుక్కోవడమే. పెరుగన్నం తిన్నాక మళ్లీ పప్పు వేయించుకునేవాళ్లని నేనెప్పుడూ చూడలేదు. బఫేలో ఆ పెరుగు ఘట్టం రాదు. పొద్దున్నే మొదలై అర్ధరాత్రి దాకా ఏదో ఒక కౌంటరు తెరిచే ఉంటుంది. పైగా ఒకే రుచి తింటూ ఉంటే కాసేపటికి దాని మీద మోజు తగ్గుతుంది, కొత్త రుచి ఎదురైతే మళ్లీ తినాలనిపిస్తుంది. ఆహారం మీద పరిశోధన చేసేవాళ్లు 1980ల నుంచీ చెబుతున్న సంగతే ఇది. యాభై రకాలు వరసగా పెట్టిన చోట కడుపు నిండినా కొత్త గిన్నె కనబడగానే చెయ్యి చాస్తాం. మనిషి శరీరం చేసే పనే అది, అందులో బలహీనత ఏమీ లేదు.

"ఏడాదికోసారి వెళ్తాం, ఆ ఏడు రోజులు కూడా లెక్కలేనా?" అని మా గుంపులోనే ఒక అక్క అడిగింది. న్యాయమైన ప్రశ్న. 2016లో జార్జియా యూనివర్సిటీవాళ్లు ఒకటి నుంచి మూడు వారాలు సెలవుల మీద వెళ్లిన 122 మందిని గమనించారు. సగటున పెరిగింది కిలోలో మూడో వంతే. కొందరు అంతకన్నా చాలా ఎక్కువ పెరిగారు. ఆ పెరిగిన కాస్తా ఆరు వారాల తర్వాత కూడా దిగలేదు. నన్ను కంగారు పెట్టింది ఆ చివరి సంగతి. మనం ఏడాదికి ఒక క్రూజ్‌తో ఆగుతామా? మధ్యలో ఇండియా ప్రయాణం, థాంక్స్‌గివింగ్, సంక్రాంతి సంబరాలు, రెండు మూడు పెళ్లిళ్లు ఉంటాయి. ఎప్పటికప్పుడు పెరిగింది దిగకపోతే పదేళ్లలో ఎక్కడికి చేరతామో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.

మనవాళ్లకి ఈ లెక్క ఇంకా గట్టిది. ఎత్తుకి బరువు ఎంత తగ్గట్టు ఉందో చెప్పే లెక్క బీఎంఐ. మామూలుగా అది 25 దాటితే అధిక బరువు అంటారు. ఆసియావాళ్లకి మాత్రం 23 దగ్గరే షుగర్ పరీక్ష చేయమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచీ చెబుతోంది. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి 23 అంటే దాదాపు 143 పౌండ్లు, 25 అంటే 155. ఆ పన్నెండు పౌండ్ల మధ్యలో ఉండి "నేను సన్నగానే ఉన్నాగా" అనుకునేవాళ్లు మన సంఘంలో ఎంతమందో! మనకి కొవ్వు ముందుగా చేరేది పొట్టలోనే. బట్టల సైజు మారకపోయినా లోపల మార్పు జరిగిపోతూ ఉంటుంది.

అలాగని ఇంటికొచ్చిన మర్నాడే బరువు చూసుకుని టెన్షన్ పడొద్దు. ఓడ మీద వంటల్లో ఉప్పు ఎక్కువ, అది ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. మొదటిరోజు కనబడే నాలుగైదు పౌండ్లలో చాలా భాగం నీరే. ఇంటి భోజనం మొదలుపెట్టి ఓ వారం ఆగి చూసుకుంటే అసలు లెక్క తేలుతుంది.

ఇక మేం ఏం చేశామంటే, మూడో రోజు నుంచి రాత్రి భోజనం బఫేలో మానేసి డైనింగ్ రూమ్‌కి మార్చుకున్నాం. అక్కడ కూర్చుంటే వడ్డిస్తారు, అడిగిందే తెస్తారు. మా టేబుల్ చూసే వెయిటర్ గోవా అబ్బాయి. ముందురోజు చెబితే ఇండియన్ వెజిటేరియన్ భోజనం చేయిస్తానన్నాడు. పప్పు, ఒక కూర, కొంచెం అన్నం తెచ్చాడు. చివర్లో నేను తియ్యగా లేని మామూలు పెరుగు కావాలని అడిగాను. తెల్ల కప్పులో తెచ్చి నాన్నగారి ముందు పెట్టాడు. ఆయన నాలుగు ముద్దల అన్నం మిగుల్చుకుని, చిటికెడు ఉప్పు వేసి, స్పూను పక్కన పెట్టేసి చేత్తోనే కలుపుకున్నారు. పొద్దున టిఫిన్ దగ్గర దాచిన నిమ్మకాయ ముక్క జేబులోంచి తీసి పిండుకున్నారు. తిన్నాక వెయిటర్ డెజర్ట్ కార్డు అందిస్తే, "చాలు బాబూ" అని మా ఎవరి వంకా చూడకుండానే తిప్పి ఇచ్చేశారు. అంతకుముందు రెండు రాత్రులూ నేను వద్దు వద్దని బతిమాలినా వినని మనిషి.

షుగర్ ఉన్నవాళ్లకి ఆ అన్నం కూడా కొలతలోనే ఉండాలి. అందులో మొహమాటం వద్దు. ఇంట్లో చేసిన వంటలు చాలా క్రూజ్ కంపెనీలు ఎక్కనివ్వవు. కొన్న కందిపొడి ప్యాకెట్టు సీలు తీయకుండా తీసుకెళ్తే సాధారణంగా ఒప్పుకుంటారు. మాకు ఆ ఒక్క ప్యాకెట్టు బాగా ఆదుకుంది.

భోజనం కాగానే డెక్ మీద నడిచేవాళ్లం. మా ఓడలో మూడు చుట్లు తిరిగితే ఇంచుమించు ఒక మైలు. జూన్‌లో అక్కడ రాత్రి పదింటికి కూడా వెలుతురు పోదు. చలిగాలికి అమ్మ శాలువా బిగించుకుని నడుస్తుంటే, నాలుగో చుట్టులో నీళ్ల మీద తెల్లటి చిమ్ముడు కనబడింది. తిమింగలం! మాతో నడుస్తున్నవాళ్లు ఆరుగురే చూశారు. మిగతావాళ్లు పైన ఐస్‌క్రీమ్ దగ్గర ఉన్నారు. జూనో ఊళ్లో దిగినప్పుడు మెండెన్‌హాల్ హిమానీనదం దగ్గర నగెట్ జలపాతం దాకా పోనూ రానూ రెండు మైళ్లు అమ్మ చీర మీద స్పోర్ట్స్ షూస్ వేసుకుని నడిచింది. ఆ రోజు ఆకలి వేసి తిన్నాం. ఆ యాత్ర మొత్తంలో నిజంగా ఆకలేసి తిన్న మధ్యాహ్నం అదొక్కటే.

మన సంఘాల తరఫున యాత్రలు నడిపేవాళ్లకి నా మనవి ఒకటుంది. వాట్సాప్ గ్రూపులో ప్రతి కలయికా "బఫే దగ్గర కలుద్దాం" అనే ఉంటుంది. రాత్రి పదకొండింటికి ఎవరిదో ఒక రూములో పేకాట, మిక్చర్ ప్యాకెట్లు, కోక్ డబ్బాలు. ఒక్క డబ్బాలో 39 గ్రాముల పంచదార ఉంటుంది. డ్రింక్స్ ప్యాకేజీ కొన్నామని, డబ్బులు కట్టేశాం కదా అని రోజుకి నాలుగైదు తాగే పిల్లల్ని నేను చూశాను. కట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు, తాగినా తాగకపోయినా. పిల్లలకి అసలు ఆ ప్యాకేజీ కొనకుండా ఉంటే గొడవే లేదు. కలుసుకునే చోటు డెక్ మీద నడకకి మార్చమని అడుగుతున్నాను. డైనింగ్ రూమ్‌లో రాత్రి భోజనానికి ముందు విడత, వెనక విడత అని ఉంటాయి. అందరికీ ముందు విడతే బుక్ చేయండి. ఎనిమిదిన్నరకి కూర్చుంటే లేచేసరికి పదిన్నర, ఆ తర్వాత నడిచే ఓపిక పెద్దవాళ్లకి ఉండదు. మోకాళ్ల నొప్పులవాళ్లని డెక్ మీదికి మెట్లెక్కి రమ్మని మాత్రం ఎవరూ ఒత్తిడి చేయొద్దు.

వచ్చే వేసవి యాత్రకి ఫారం తయారుచేసే పని నాకు అప్పజెప్పారు. శాకాహారమా మాంసాహారమా అన్న గడి కింద ఇంకో రెండు గడులు చేర్చాను. ముందు విడత భోజనం ఒకటి, చివర్లో పెరుగు ఒకటి. ఇప్పటికి పంతొమ్మిది కుటుంబాలు పేర్లిచ్చాయి. పెరుగు గడిలో అందరూ టిక్కు పెట్టారు.