సవరణ: మామోగ్రామ్ జబ్బును ఆపదు, ముందుగా పట్టిస్తుంది

రొమ్ము క్యాన్సర్‌పై ఇంతకుముందు రాసిన వ్యాసంలో ‘నలభై దాటినవారు మామోగ్రామ్ తీయించుకుంటే ఈ జబ్బు రాదు’ అని ఉన్న వాక్యాన్ని ‘వచ్చినా తొలిదశలోనే బయటపడే అవకాశం పెరుగుతుంది’ అని చదువుకోవాలి. మామోగ్రామ్ అనేది రొమ్ముకు తీసే తక్కువ మోతాదు ఎక్స్‌రే. చేతికి తగలనంత చిన్న గడ్డనూ, ఇసుక రేణువుల్లాంటి కాల్షియం చుక్కలనూ అది చూపించగలదు గానీ, వాటిని పుట్టకుండా చేయలేదు. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి, గడ్డతో పాటు తానూ తెల్లగానే కనిపిస్తుంది కాబట్టి, నలభై లోపువారికి డాక్టర్లు చాలావరకు ముందు అల్ట్రాసౌండ్ రాస్తారు.

‘నొప్పి లేని గడ్డకు కంగారు అక్కర్లేదు’ అన్న మాటను పూర్తిగా తొలగిస్తున్నాం, ఎందుకంటే తొలిదశ క్యాన్సర్ గడ్డ చాలాసార్లు నొప్పి పెట్టదు. చర్మం సొట్టపడటం, చనుమొన కొత్తగా లోపలికి లాగుకుపోవడం, దాని నుంచి రక్తం కలిసిన స్రావం రావడం, చంకలో గడ్డ తగలడం కూడా చూపించుకోవలసినవే. రొమ్ము క్యాన్సర్‌పై అవగాహన కోసం అక్టోబరులో చార్మినార్‌పై గులాబీ దీపాలు వెలగడం మంచిదే గాని, గడ్డ తగిలినవారు అక్టోబరు దాకా ఆగకూడదు.

తల్లికో, అక్కచెల్లెళ్లకో ఈ జబ్బు వచ్చి ఉంటే, పరీక్షలు ఏ వయసులో మొదలుపెట్టాలో నలభై రాకముందే డాక్టరును అడగాలి. ఖర్చుకు వెనకాడేవారికి హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.