గేదె మాత్రం సిద్ధమే

చిత్తడి నేలల్ని ఎండబెట్టడం రైతుకు పుట్టుకతో వచ్చిన దుర్గుణమని ఈ మధ్య తేలిపోయింది. తరతరాలుగా కాలువలు తవ్వించింది, పంపులు పెట్టించింది, ఎండబెట్టినవాడికి డబ్బిచ్చింది ప్రభుత్వాలే. అయితే మాత్రం తప్పు వాటిదెలా అవుతుంది? అవి సంతకాలే పెట్టాయి. పార పట్టింది రైతు.

విషయం చిన్నదేం కాదు. చిత్తడి నేలల్లో ఒక రకమైన పీట్ నేలలు భూభాగంలో 3 శాతమే గానీ, ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటికంటే ఎక్కువ కార్బన్ వాటి కడుపులో ఉంది. వేల ఏళ్లుగా నీళ్లలో మునిగి కుళ్లకుండా మిగిలిన మొక్కల పోగే పీట్. నీళ్లు తోడేస్తే గాలి తగులుతుంది, కుళ్లుతుంది, కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది, నేల కిందికి కుంగుతుంది. ఇంగ్లండ్‌లో హోమ్ ఫెన్ అనే పీట్ నేల దగ్గర 1851లో నేలమట్టం వరకూ పాతిన ఇనప స్తంభం ఇప్పుడు సుమారు 4 మీటర్లు బయటికొచ్చి నిలబడింది. స్తంభమే పెరిగిందనుకునే ఆశావాదులతో మనకు వాదన వద్దు.

కనుక రైతు మారాలి. తడి సాగు పథకం ప్రకారం మురుగు కాలువలు పూడ్చి, నీటిమట్టం పైకి రానిచ్చి, దుంపలూ గోధుమా మానేసి జమ్ము, కిక్కిస, స్ఫాగ్నమ్ నాచు పెంచాలి. జమ్ముతో గోడల్లోంచి వేడి పోకుండా ఆపే పలకలు చేస్తారు, కిక్కిసతో కప్పు నేస్తారు, నాచు నర్సరీ కుండీల్లోకి పనికొస్తుంది. పశువులే కావాలంటే గేదెలున్నాయి. జర్మనీలో తడి పచ్చికల మీద వాటిని మేపుతున్నారు కూడా. బురదలో ఎలా ఉండాలో గేదెకు శిక్షణ శిబిరం పెట్టనక్కర్లేదు. ఈ పథకం మొత్తానికి మానసికంగా సిద్ధంగా ఉన్న లబ్ధిదారు అదొక్కటే.

రైతు మాత్రం పిచ్చి ప్రశ్నలు వేస్తాడు. పండిస్తే కొనేదెవరంటాడు. ఫ్యాక్టరీవాడేమో సరుకు నికరంగా వస్తేనే పెడతానంటాడు. ఇద్దరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి భోజనం పెట్టి పంపిస్తున్నాం, ఇంకేం చేయాలి? మామూలు ట్రాక్టర్ దిగబడిపోతుంది, వెడల్పు పట్టాల యంత్రం కావాలంటాడు. దాని ఫొటో పథకం కరపత్రంలో రంగుల్లో వేశాం కదా! నీళ్లకు సరిహద్దు రాళ్లు తెలియవు, నేను కాలువ పూడిస్తే పక్కాయన దుంపలు కుళ్లిపోతాయంటాడు. అందుకే ఇరుగుపొరుగు సామరస్యం మీద ప్రత్యేకంగా ఒక పేజీ ఉంది.

యూరప్ ముచ్చట ఇంకా బావుంటుంది. అక్కడి సబ్సిడీ లెక్కల్లో జమ్ము, కిక్కిస చాలాకాలం పంటలే కావు. ఎండబెట్టి గాలిని పాడుచేస్తే సబ్సిడీ. తడిపితే అది సాగుభూమే కాదు, కాబట్టి ఆ సబ్సిడీ కూడా పోయే ప్రమాదం. 2023లో మొదలైన వ్యవసాయ విధానంలో తడి సాగుకు చోటిచ్చారు. ఎందుకో అంత తొందర!

జమ్ము చేతికొచ్చేదాకా రాబడి ఉండదు గనుక, రైతుకు ధైర్యం చెప్పడానికి నాదో ప్రతిపాదన. పథకం రాసినవాళ్లు, సలహాదారులు, శిక్షకులు కూడా అదే పద్ధతిలో జీతం తీసుకోవాలి: కోత పూర్తయ్యాక, కొనేవాడు దొరికితే, పక్కాయన కేసు వేయకపోతే. సాధ్యాసాధ్యాలు తేల్చడానికి ఒక కమిటీ వేయాలి. కమిటీకి మాత్రం అడ్వాన్స్ ఇవ్వక తప్పదు.